దేహములోని వాయు వార్తాహరులు

దేహములో వాయువు అనగానే మనకు ప్రాణవాయువో, కడుపుబ్బరమో జ్ఞప్తికి వచ్చును. కాని మన కణములు ఒకదానికొకటి కబురు పంపుటకై కొన్ని వాయువులను స్వయముగా తయారు చేయుచున్నవి. నైట్రిక్ ఆక్సైడు, కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ సల్ఫైడు అట్టివి. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి నుండి వెలువడి ప్రాణము తీయునది వీనిలో రెండవది; క్రుళ్ళిన గ్రుడ్ల కంపు మూడవదానిది. ఎక్కువైనచో విషములగు ఈ వాయువులే లేశమాత్రముగా ఉన్నపుడు దేహమునకు వార్తాహరులు.

రక్తనాళముల లోపొర నుండి ఏదో పదార్థము వెలువడి నాళమును సడలించుచున్నదని 1980లో ఫర్చ్‌గాట్ అను అమెరికన్ శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. అది నైట్రిక్ ఆక్సైడేయని 1987లో తేలినది. గుండెనొప్పి వచ్చినపుడు నాలుక క్రింద ఉంచుకొను నైట్రోగ్లిసరిను బిళ్ళ పనిచేయుటయు ఈ వాయువు మూలముననే. ఈ పరిశోధనలకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అను మువ్వురికి 1998లో నోబెల్ బహుమానము లభించినది.

నాళములకు మేలు చేయు ఈ వాయువే, దేహములో వాపు కలిగినపుడు రక్షకకణముల నుండి అధికముగా పుట్టును. కావున ఎచ్చట, ఎప్పుడు, ఎంత పుట్టినదో వైద్యునకు తెలియవలయును. చిక్కేమనగా, దాని ఆయుర్దాయము కొలది సెకండ్లు మాత్రమే. రక్తము తీసి ప్రయోగశాలకు పంపులోపల నైట్రైటు, నైట్రేటు అను ఆనవాళ్ళే మిగులును. ఆకుకూరల ద్వారా వచ్చిన నైట్రేటు కూడ వానితో కలిసిపోవును.

అందుచేత కొలుచు సాధనమునే వాయువు పుట్టు చోటికి చేర్చవలసి వచ్చినది. మీటరులో 100 కోట్లవ వంతు నానోమీటరు. సుమారు ఒక నానోమీటరు వ్యాసము గల కర్బన నాళికలపై తగిన కాంతి పడినపుడు అవి కంటికి కానరాని పరారుణ కాంతిని వెదజల్లును. మామూలు వెలుతురును రక్తమాంసములు త్వరగా మ్రింగివేయును. ఈ కాంతి మాత్రము కొంత లోతు నుండియు చర్మము దాటి రాగలదు. నాళికకు ప్రత్యేకముగా కూర్చిన డి.ఎన్.ఏ. పోగును చుట్టినచో, నైట్రిక్ ఆక్సైడు సోకగానే దాని వెలుగు తగ్గును. ఎంత తగ్గినదో కొలిచి వాయువు జాడ తెలిసికొందురు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో మైకేల్ స్ట్రానో బృందము ఇట్టి నాళికలను సముద్రపు నాచు నుండి తీసిన జిగురులో పొదిగి ఎలుకల చర్మము క్రింద అమర్చినది. అవి ఏడాదికి పైగా పనిచేసినవని 2013లో ప్రకటించినది.

శ్రోతలకు మేము ఒక మాట స్పష్టము చేయవలయును. వెలుగు తగ్గినంతమాత్రమున వాయువు వచ్చినదని చెప్పరాదు. దీపము మందగించినను, నాళిక చోటు మారినను వెలుగు తగ్గును. అందువలన వాయువు సోకినను మారని మరియొక వెలుగును ప్రక్కన ఉంచి రెంటిని పోల్చుట మేలైన పద్ధతి. నాళికలు దేహములో చిరకాలము నిలిచినచో కీడు చేయునా యన్నదియు తేలవలసి యున్నది. కావుననే ఇవి ఇంకను పరిశోధకుల చేతిలోని సాధనములే. ఆ పరీక్షలలో నెగ్గినచో, రక్తపు సీసాలో మిగిలిన ఆనవాళ్ళను బట్టి ఊహించు పనిలేకుండ, వాయువు పుట్టుచుండగనే వైద్యుడు దానిని గమనింపగల్గును.