సైకిలు చైను: శుభ్రపరచు విధము, నూనె వేయు విధము

గుణదల ప్రక్కగా పోవు ఏలూరు రోడ్డుమీదను, కాలువగట్ల మీదను ప్రతిదినము సైకిళ్లపై బడికి వచ్చు విద్యార్థులు పెక్కుమంది గలరు. వారిలో కొందరి బండ్లు కనబడుటకు ముందే వినబడును. ఆ కిరకిరధ్వని చైనుది. టైరులో గాలి తగ్గినచో వెంటనే కొట్టించుకొందుము. బెల్లు మ్రోగనిచో బాగుచేయించుకొందుము. చైను మాత్రము తెగువరకు మనకు జ్ఞప్తికి రాదు. దూరపు ఊళ్లనుండి వచ్చు పిల్లలకు సైకిలే చదువునకు దారి. కావున ఈ సంగతిని గూర్చి కొంత వివరించుచున్నాము.

1885లో ఇంగ్లండునందలి కవెంట్రీ పట్టణమున జాన్ కెంప్ స్టార్లీ రోవరు సైకిలును వెలువరించిన పిమ్మట, చైనుతో వెనుక చక్రమును త్రిప్పు పద్ధతి లోకమంతట వ్యాపించెను. అంతకు ముందే, 1880లో, మాంచెస్టరున హాన్స్ రెనాల్డ్ అను ఇంజనీరు నేటి చైనుకు మూలమైన రోలరు చైనును నిర్మించెను. పైకి రెండు వరుసల రేకులవలె కనబడు ఈ చైనులో అరయంగుళమున కొక కీలు కలదు. కీలు నడుమ పిన్ను, దానిచుట్టు బుష్షు, బుష్షుపైన తిరుగు రోలరు ఉండును. చైను వంగునపుడెల్ల పిన్ను బుష్షులో ఒరయును. అరుగుదలకు ముఖ్యస్థానము అదియే.

ఆ ఒరపిడి ఎంతయో లెక్కించి చూతము. ముందు చక్రమునకు 44 పళ్లు, వెనుక ఫ్రీవీలునకు 18 పళ్లు, చైనునకు 112 కీళ్లు గల పెద్దసైకిలును తీసికొందము. కిలోమీటరు దూరము పోవునప్పటికి చైను ఇంచుమించు 73 సార్లు చుట్టివచ్చును. ప్రతి చుట్టునందును ఒక్కొక్క కీలు నాలుగు పర్యాయములు కదలును. రాకపోకలు కలిపి పది కిలోమీటర్లు త్రొక్కు విద్యార్థి బండిలో, ఒక్క దినములోనే ప్రతి కీలు 2,900 సార్లకు పైగా ఒరసికొనును.

దీనినిబట్టి ముఖ్యమైన సూత్ర మొకటి తేలుచున్నది. నూనె ఉండవలసినది కీలు లోపల. చైను పైభాగము పొడిగా నుండవలెను. పైన నిలిచిన నూనె మన డెల్టాలోని నల్లరేగడి దుమ్మును, ఇసుకను పట్టుకొని నల్లని ముద్ద యగును. అది సానరాతి పొడివలె ఇనుమును అరగదీయును. అట్లు పిన్నులు అరిగి చైను పొడవు పెరుగును. దీనినే మనవారు చైను సాగినదందురు. నిజమునకు రేకులు సాగవు. చైనును బిగువుగా ఉంచి, ఒక పిన్ను నడిమినుండి, దానిని మొదటిదిగా లెక్కించి, ఇరువదియైదవ పిన్ను నడిమివరకు స్కేలుతో కొలువవలెను. క్రొత్త చైను సరిగా 12 అంగుళములుండును. అంగుళములో ఎనిమిదవ వంతు పెరిగినచో చైనును మార్చవలెను. లేనిచో పళ్లచక్రములు కూడ చెడును.

ఇక చేయవలసిన పని. బండిని స్టాండు వేసి, చైను కవరు అడ్డమైనచో విప్పి, పొడిగుడ్డతో చైనును తుడువవలెను. పిమ్మట పాత పళ్లబ్రష్షును కొద్దిపాటి కిరసనాయిలులో ముంచి రేకుల సందులను తోమవలెను. పెద్దల సమక్షముననే, పొయ్యికిని దీపమునకును దూరముగా ఈ పని చేయవలెను. కిరసనాయిలు దొరకనిచో సబ్బునీరు చాలును. మరల తుడిచి, ఎండలో పూర్తిగా ఆరనిచ్చి, పెడలును వెనుకకు మెల్లగా త్రిప్పుచు, ఆపుచు, ఒక్కొక్క రోలరుమీద ఒక్కొక్క చుక్క నూనె వేయవలెను. పావుగంట ఆగి పైనున్న నూనెను శుభ్రముగా తుడిచివేయవలెను. ఈ చివరి పనినే పలువురు మానుదురు.

చైను కదలుచుండగా గుడ్డనుగాని వ్రేళ్లనుగాని దానికి తాకింపరాదు. పళ్లచక్రమునకును చైనునకును నడుమ చిక్కి వ్రేళ్లు నలిగిపోవును. పెడలు ఆపి జానెడు చైను తుడుచుట, తరువాత కొంచెము త్రిప్పుట, మరల ఆపుట క్షేమకరము.

కుట్టుమిషను నూనెవంటి పలుచని నూనె ఇందుకు తగినది. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీలకు దిగువ పేరుకొనును గనుక డిసెంబరు, జనవరి ఉదయములందు పనికిరాదు. వంటనూనెలు గాలి తగిలి బంకయగును. మోటారుబండినుండి తీసిన పాత నూనెలో లోహపు రజను ఉండును. గ్రీజు పైననే నిలిచి దుమ్మును పట్టును. వానలో తడిసిన బండిని ఆ సాయంకాలమే తుడిచి నూనె వేయవలెను.

తుడిచిన మురికిని కాలువలో పడవేయరాదు. కృష్ణ కాలువల నీరు మన పొలములకును పెక్కు గ్రామముల త్రాగునీటి చెరువులకును పోవుచున్నది. వాడిన కిరసనాయిలును మూతగల సీసాలో నిలువయుంచినచో మురికి అడుగునకు దిగును. పైతేటను మరల వాడుకొనవచ్చును.

ప్రతి సంవత్సరము ఫిబ్రవరి 9, 10, 11 తేదులలో మరియమాత ఉత్సవములకు వేలాది యాత్రికులు గుణదలకు వత్తురు. అట్టి రద్దీలో చైను ఊడి, లారీల నడుమ బండి తటాలున ఆగుట ప్రాణాపాయము. ఉత్సవములకు ముందొకసారి, వానలు తగ్గిన పిమ్మట నొకసారి, వేసవి సెలవుల చివర నొకసారి చైనును పూర్తిగా శుభ్రపరచవలెనని విద్యార్థులకు మనవి చేయుచున్నాము. తల్లిదండ్రులు ఒక చిన్న నూనెబుడ్డిని, ఒక పాత గుడ్డను ఇచ్చినచో చాలును. తక్కిన పని పిల్లలే చేసికొనగలరు.