స్టీరియో గూట్లో దారి చూపే పెట్టె

కారు డాష్‌బోర్డు మధ్యలో స్టీరియో కూర్చునే గూడు కొలత ఇంత అని కంపెనీలన్నీ ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. వెడల్పు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 50. జర్మనీ ప్రమాణాల సంస్థ డిన్ గీసిన ఈ కొలతనే 1984లో ఐఎస్‌ఓ 7736 పేరుతో అంతర్జాతీయ ప్రమాణం చేశారు. జపాన్ కంపెనీలు ఎత్తు రెట్టింపు చేసి డబుల్ డిన్ తెచ్చాయి. కారు ఒకరిది, పెట్టె ఇంకొకరిది అయినా రెండూ కలుస్తాయన్న భరోసా అలా వచ్చింది. కంపెనీ స్టీరియో పీకేసి నావిగేషన్ తెర బిగించే కార్ డెకార్స్ షాపులు ఈ గూడు పుణ్యమా అనే బతికాయి.

బయటి పెట్టెని కార్లో దూర్చడం మాత్రం ఇంకా పాత ముచ్చట. 1930లో మోటరోలా స్థాపకుడు పాల్ గాల్విన్, అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో రేడియో తయారీదారుల సభ జరుగుతుంటే, రేడియో పెట్టిన తన కారుని బయటే నిలిపి వచ్చేపోయేవాళ్లకి పాట వినిపించాడు. మోటరోలా అన్నది మొదట ఆ రేడియో పేరే, కంపెనీ పేరైంది తర్వాత. ఆ తర్వాత ట్రాన్సిస్టర్, క్యాసెట్, సీడీ వరసగా వచ్చాయి. అవన్నీ పాట వినిపించేవే. దారి చెప్పడం వేరే విద్య.

1981లో హోండా జపాన్‌లో ఎలక్ట్రో గైరోకేటర్ తెచ్చింది. దాంట్లో ఉపగ్రహం ఊసే లేదు. లోపల హీలియం సన్నటి ధారగా రెండు వేడి తీగల మీదికి వీస్తుంటుంది. కారు తిరిగితే ధార ఓ పక్కకి వాలి ఒక తీగ ఎక్కువ చల్లబడుతుంది. ఆ తేడాని బట్టి మలుపెంతో తెలుస్తుంది. దూరం లెక్క చక్రాలు చెబుతాయి. మ్యాపేమో పారదర్శకమైన ఫిల్ము మీద అచ్చేసినది. ఊరు దాటితే ఫిల్ము మార్చుకోవాలి.

నాకు ఇంతకన్నా నచ్చేది 1985లో కాలిఫోర్నియాలో అమ్మకానికొచ్చిన ఎటాక్ నావిగేటర్. దాన్ని తయారుచేసిన స్టాన్ హనీ పడవ పందేల్లో దారి లెక్కకట్టే మనిషి. పెట్టుబడి పెట్టింది అటారీ వీడియో గేముల నోలన్ బుష్‌నెల్. హనీ దారి చూపిన పడవ ఆయనదే. మ్యాపులు క్యాసెట్లలో ఉండేవి, ఒక్కోదాంట్లో మూడున్నర మెగాబైట్లు. లాస్ ఏంజెలెస్ అంతటికి ఒక క్యాసెట్ చాలేది కాదు. చక్రాల దగ్గరి సెన్సర్లు దూరం, దిక్సూచి దిశ చెప్పేవి. ఇలా లెక్క కట్టుకుంటూ పోతే పొరపాటు పోగుపడుతుంది కదా! ఎటాక్ తెలివంతా అక్కడే ఉంది. కారు మలుపు తిరగ్గానే, ఆ చుట్టుపక్కల అలాంటి మలుపున్న రోడ్డు ఏదో మ్యాపులో వెతికి కారుని దాని మీద నిలబెట్టేది. కరెంటు పోయిన రాత్రి మన ఇంట్లో మనం నడిచేదీ ఇలాగే: అడుగుల అంచనాతో వెళ్తాం, చేతికి గుమ్మం తగలగానే ఎక్కడున్నామో ఖాయం చేసుకుంటాం. ఎటాక్ మ్యాపులు చేతులు మారి చివరికి టామ్‌టామ్‌కి చేరాయి.

1990లో జపాన్‌లో జీపీఎస్ కార్లోకొచ్చింది. మాజ్దా తన యూనోస్ కాస్మోలో కంపెనీలోనే బిగించి ఇచ్చింది. బయట కొని పెట్టుకునేవాళ్లకి పయొనీర్ ఏవిఐసి-1 అమ్మింది. అమెరికా సైన్యం పౌరులకిచ్చే సంకేతాన్ని కావాలనే చెడగొట్టేది కనక వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే 2న అలా చెడగొట్టడం ఆపేశారు. అప్పటిదాకా కారు రోడ్డు మీదే ఉందని తెర నమ్మకంగా చెప్పగలిగిందంటే అది చాలావరకు పాత చక్రాల లెక్క చలవే. మన శ్రీహరికోట నుంచి 2013 జులై 1న దేశీ నావిగేషన్ వ్యవస్థ నావిక్ తొలి ఉపగ్రహం కూడా వెళ్లింది. అయినా సొరంగంలోకి ఏ ఉపగ్రహమూ తొంగిచూడలేదు. అందుకే మంచి నావిగేషన్ యూనిట్లకి కారు స్పీడు సంకేతం కలిపే తీగ వేరుగా ఉంటుంది. చాలామంది మెకానిక్కులు ఆ తీగని చుట్టి టేపేసి వదిలేస్తారు. అది లేకపోయినా తెర వెలుగుతుంది కాబట్టి అడిగేవాడూ ఉండడు.

బిగింపులో ఎక్కువ తంటా తెచ్చేవి రెండు తీగలు. సాధారణంగా పసుపు తీగకి బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు ఉండాలి, ఎరుపుకి తాళం తిప్పినప్పుడే రావాలి. రెండూ తారుమారైతే తాళం తీసినప్పుడల్లా యూనిట్ అన్నీ మరిచిపోతుంది. రెండూ కలిపి బ్యాటరీకిస్తే నాలుగు రోజులు ఆగిన కారు స్టార్టు కాకపోవచ్చు. స్టీరింగు బటన్లు పాత కార్లలో రెసిస్టర్లతో తేలిగ్గా పనిచేసేవి. కారు భాగాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా బాష్ 1986లో పరిచయం చేసిన క్యాన్ వ్యవస్థ వచ్చాక ఆ భాష విప్పిచెప్పే చిన్న డబ్బా మధ్యలో తప్పడంలేదు. ఇంకో తీగ హ్యాండ్‌బ్రేకుది. బ్రేకు వేస్తేనే వీడియో ఆడాలని పెట్టిన ఆ తీగని బాడీకి తగిలించి నడుస్తుండగా సినిమాలు చూపించే షాపులున్నాయి. అది పనితనం కాదు, నేరం.

2014లో కార్‌ప్లే, 2015లో ఆండ్రాయిడ్ ఆటో వచ్చి మ్యాపుని ఫోన్లోకి లాగేశాయి. యూనిట్ చాలావరకు తెర, ఆంప్లిఫయర్‌గా మిగిలింది. ఏసీనీ కెమెరానీ కూడా తెరలోనే కలిపేసిన కొత్త కార్లలో అసలు గూడే లేదు. అలాంటి కారుకి యూనిట్ మార్చే జోలికి పోకపోవడమే మంచిది. గూడున్న కారు మీదైతే కంపెనీ వైరింగు కొయ్యనివ్వకండి, మీ మోడల్‌కి సరిపడే కప్లరే అడగండి. డబ్బు చేతిలో పెట్టే ముందు స్పీడు తీగ కలిపాడో లేదో చూసుకోండి.