ఆకాశం నుంచి వచ్చే పాఠం

పిల్లలూ! హైదరాబాదులో జూబ్లీ హిల్స్ అనగానే మీకు సినిమాలు జ్ఞాపకం వస్తాయి. ఆ కొండల మీద, ఫిల్మ్‌నగర్ వీధులలో పాటలు రికార్డు చేసే గదులూ, ఫిల్ము కత్తిరించి అతికే గదులూ, డబ్బింగ్ చెప్పే గదులూ ఎన్నో ఉన్నాయి. ఆ దాపులనే 1976 లో అక్కినేని నాగేశ్వరరావు గారి అన్నపూర్ణా స్టూడియో ప్రారంభమైంది. అప్పట్లో అక్కడ చాలావరకు బండరాళ్ళూ, తుప్పలే.

అయితే అదే జూబ్లీ హిల్స్‌లో మరొక రకం స్టూడియో ఉన్నది. అందులో లైట్లూ, కెమెరాలూ అన్నీ ఉంటాయి. కాని కెమెరా ముందు నిలబడేది హీరో కాదు, లెక్కల మాష్టారు! ఆయన చెప్పే పాఠం అదే సమయంలో ఎక్కడో అడవి అంచున ఉన్న బడిలోని పిల్లలు కూడా వింటారు. ఈ సంస్థ పేరు టీ-శాట్. ఉమ్మడి రాష్ట్రంలో దీనిని "మన టీవీ" అనేవారు. 2017 నుంచి ఇది "విద్య", "నిపుణ" అనే రెండు ఛానళ్ళు నడుపుతున్నది.

జూబ్లీ హిల్స్‌లో చెప్పిన పాఠం అంత దూరం ఎలా పోతుంది? నేల మీదుగా పోదు. ముందు ఆకాశానికి పోతుంది! భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఒక కృత్రిమ ఉపగ్రహం తిరుగుతూ ఉంటుంది. భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరిగేలోపల అదీ ఒక చుట్టు తిరిగి వస్తుంది గనక, మనకు అది ఒకే చోట నిలబడి ఉన్నట్టు కనిపిస్తుంది. స్టూడియోలోని పెద్ద డిష్ పాఠాన్ని రేడియో తరంగాలుగా మార్చి పైకి పంపుతుంది. ఉపగ్రహం దానిని అందుకుని, బలం చేకూర్చి, కిందికి పంపుతుంది. వెళ్ళి రావటానికి 72,000 కిలోమీటర్లకు పైమాటే. కాని రేడియో తరంగాలు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతాయి గనక, ఈ ప్రయాణానికి పట్టేది పావు సెకను మాత్రమే!

ఈ వింతను నేను మొదటిసారి చూసినది 1975 లో. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. మాది పాలమూరు జిల్లాలో ఒక పల్లె. ఆ సంవత్సరం ఆగస్టు 1వ తేదీన మన దేశంలో "సైట్" అనే గొప్ప ప్రయోగం ప్రారంభమైంది. అమెరికావారు ఏ.టి.ఎస్-6 అనే తమ ఉపగ్రహాన్ని మనకు ఒక సంవత్సరం పాటు ఎరువిచ్చారు. ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 పల్లెలకు టీవీ పెట్టెలు వచ్చాయి. తెలుగు కార్యక్రమాలు హైదరాబాదులో తయారయేవి. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం ఊరివారందరికీ వేసేవారు.

మా పక్క ఊరికి ఒక పెట్టె వచ్చింది. బడి పక్కనే పెద్ద గొడుగు బోర్లించి పైకెత్తినట్టుండే యాంటెన్నా. కోళ్ళ గూటికి కట్టే తీగవల వంటి దానితో చేసినది. మేము రోజూ సాయంత్రం మైలున్నర నడిచివెళ్ళి చూసేవాళ్ళం. మా నాయనమ్మ కూడా ఒకరోజు వచ్చి, "ఈ పెట్టెలోని అయ్య మన మాటే మాట్లాడుతున్నాడేందిరా!" అని ఆశ్చర్యపోయింది.

కాని ఎరువు సొమ్ము ఎన్నాళ్ళుంటుంది? 1976 జూలై 31 తో గడువు తీరిపోయింది. మర్నాడు కూడా మేము అలవాటు చొప్పున నడిచివెళ్ళాం. తెర మీద చినుకుల వంటి చుక్కలు తప్ప ఏమీ లేదు. ఆరోజు చీకట్లో తిరిగివస్తూ ఎవరమూ మాట్లాడలేదు.

ఆ తరవాత మన శాస్త్రజ్ఞులు స్వంత ఉపగ్రహాలు తయారుచేసుకున్నారు. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి "ఎడ్యుశాట్" ను ఆకాశంలోకి పంపారు. కేవలం చదువు కోసమే పంపిన మొదటి భారతీయ ఉపగ్రహం అది.

2020 లో కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి ద్వారా, టీ-శాట్ ద్వారా ఇళ్ళకే పాఠాలు పంపారు. మా వీధిలో ఇస్త్రీ బండి పెట్టుకున్నతని కూతురు నాలుగో తరగతి. ఒకనాడు టీవీ ముందు కూచుని పాఠం వింటూ, సందేహం కలిగి, ఉన్నట్టుండి చెయ్యి ఎత్తింది! ఇంట్లోవాళ్ళు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. చెయ్యి ఎత్తిన పిల్లను చూడని మాష్టారు ఎంత గొప్పవాడైనా సగం మాష్టారే.

ఉపగ్రహం టీవీలో ఉన్న లోటు ఇదే. మాట ఇటు వస్తుంది, అటు పోదు. ఇంటర్‌నెట్ రెండువైపులా నడుస్తుంది. విన్న పాఠాన్నే మళ్ళీ వినవచ్చు, సందేహం అడగవచ్చు, జవాబు పొందవచ్చు. ఇది ఎక్కువగా గాజు తీగల మీద నడుస్తుంది. తలవెంట్రుక వంటి సన్నని గాజుపోగులో వెలుతురు పరుగెత్తుతుంది!

వంకర తిరిగిన పోగులోనుంచి వెలుతురు బయటపడిపోదా అని మీకు సందేహం కలగవచ్చు. ఒక గాజు గ్లాసులో నీళ్ళు పోసి, కంటికన్న ఎత్తుగా పట్టుకుని, పక్క నుంచి ఏటవాలుగా నీటి పైభాగాన్ని అడుగు నుంచి చూడండి. అది వెండి అద్దంలా మెరుస్తుంది. వెలుతురు నీటిలోనుంచి బయటికి పోలేక, తిరిగి లోపలికే వస్తున్నదన్నమాట. గాజుపోగులో కూడా ఇలాగే వెలుతురు గోడలకు తగిలి తిరిగి లోపలికే పడుతూ ముందుకు పోతుంది. హైదరాబాదు నుంచి 300 కిలోమీటర్లు పోవటానికి సెకనులో అయిదు వందో వంతు కూడా పట్టదు. 1950 ప్రాంతాలలో గాజుపోగుల ద్వారా బొమ్మలను పంపి చూపినవారిలో మన పంజాబువాడైన నరీందర్ సింగ్ కపానీ ఒకరు. స్వచ్ఛమైన గాజుతో ఎంతో దూరం మాటలు పంపవచ్చునని 1966 లో చెప్పిన చార్లెస్ కావోకు 2009 లో నోబెల్ బహుమానం వచ్చింది.

మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్‌నెట్ అందినది 1995 ఆగస్టు 15న. ఇప్పుడు గ్రామ పంచాయతీలకు గాజు తీగలు వేస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్ గ్రిడ్‌ను 2017 డిసెంబరులో ప్రారంభించారు. కాని తీగ ఊళ్ళోకి రావటం వేరు, బడిలోకి రావటం వేరు. కేంద్ర విద్యాశాఖ లెక్క ప్రకారం 2023-24 లో దేశంలోని నూరు బడులలో సుమారు 54 బడులకే ఇంటర్‌నెట్ ఉన్నది. 2024-25 లో అది 63 దాటింది. అంటే ఇంకా మూడో వంతుకు పైగా బడులు ఎదురుచూస్తున్నాయి.

బడిలోకి రావటం వేరు, పిల్లల చేతికి రావటం వేరు. ఈ సంగతి చెప్పటానికి నాకు సిగ్గుగా ఉన్నది, అయినా చెబుతాను. చాలా ఏళ్ళ కిందట నేను హెడ్‌మాష్టరుగా ఉన్న ఒక బడికి పది కంప్యూటర్లు వచ్చాయి. పిల్లలు పాడుచేస్తే లెక్క నేను చెప్పుకోవాలి గదా అని భయపడి, గదికి తాళం వేసి, తాళం చెవి నా జేబులో వేసుకున్నాను. పైన గుడ్డలు కప్పించాను. రెండేళ్ళ తరవాత తనిఖీ అంటే తలుపు తీశాం. ఎలుకలు తీగలన్నీ కొరికేశాయి. తుడవటానికి వచ్చిన ఏడో తరగతి కుర్రవాడు, "సార్, ఇవి ఎప్పుడన్నా నడిచినయా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేకపోయింది. వాడు వాటిని ముట్టుకోకుండానే పదో తరగతి దాటి వెళ్ళిపోయాడు.

ఐరోపాలో ఎస్టోనియా అనే చిన్న దేశం ఉన్నది. జనాభా పదిహేను లక్షలైనా లేదు. అక్కడివారు 1996 లో "పులి గెంతు" అనే పథకం ప్రకటించి, బడులకు కంప్యూటర్లూ, ఇంటర్‌నెట్టూ ఇచ్చారు. అయితే వారు పెట్టెలు ఇచ్చి ఊరుకోలేదు. ఉపాధ్యాయులకు వాటిని వాడటం నేర్పారు. నాకు అప్పట్లో ఎవరన్నా నేర్పి ఉంటే, లేదా నేనే వెళ్ళి నేర్చుకుని ఉంటే, ఆ తాళం పడేది కాదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ పిల్లల బడికి వెళ్ళినప్పుడు మార్కులతోబాటు, కంప్యూటర్ గది వారానికి ఎన్నిసార్లు తెరుస్తున్నారో కూడా అడగండి. పిల్లలూ! మీరు ఆ యంత్రాలను మీ పలకంత జాగ్రత్తగా చూడండి. పెద్దలకు భయం పోయేది అప్పుడే.

ఇస్త్రీ బండి అతని కూతురు ఇప్పుడు పై తరగతులకు వచ్చింది. మొన్న మా ఇంటికి వచ్చి, "తాతగారూ, మా బడిలో ఇంటర్‌నెట్‌లో సందేహం అడిగితే జవాబు వచ్చింది," అని చెప్పింది. ఎత్తిన చెయ్యి చివరికి ఎవరికో కనిపించిందన్నమాట!