చేతిఫోనులో చలనచిత్రము: స్థలపు లెక్క

పరీక్షల దినములలో పాఠమును ఫొటో తీయబోగా “స్థలము చాలదు” అని ఫోను తెలుపుట విద్యార్థులకు పరిచిత విషయమే. అప్పుడు తొందరలో చేతికందిన ఫొటోలను తుడిచివేయుదురు. ఏది ఎంత చోటు ఆక్రమించునో తెలిసినచో ఇట్టి నష్టము తప్పును.

ముందుగా ఒక లెక్క చూతము. ఫుల్ హెచ్‌డీ చిత్రములో ఒక్కొక్క ఫ్రేమునందు అడ్డముగా 1,920, నిలువుగా 1,080 చొప్పున 20,73,600 చుక్కలుండును. ఎరుపు, ఆకుపచ్చ, నీలము పాళ్లను తెలుపుటకు చుక్కకు 3 బైట్లు కావలెను. సెకనుకు 24 ఫ్రేములు. కావున ఒక్క సెకనుకు సుమారు 15 కోట్ల బైట్లు. రెండున్నర గంటల సినిమాకు సుమారు 1,344 గిగాబైట్లు! 64 గిగాబైట్ల ఫోను పూర్తిగా ఖాళీగా ఉన్నను ఏడు నిమిషములలో నిండిపోవును.

అయినను సినిమా ఫోనులో ఇముడుచున్నది. ఎట్లు? మాటాడుచున్న మనిషి వెనుకనున్న గోడ ఫ్రేము ఫ్రేమునకు మారదు. మారిన భాగములను మాత్రమే నమోదు చేసిన చాలును. మరియు మన కన్ను వెలుగునీడల తేడాను పసిగట్టినంత సూక్ష్మముగా రంగుల తేడాను పసిగట్టలేదు. రంగుల వివరము కొంత తగ్గించినను లోపము కనబడదు. 2003లో వెలువడిన హెచ్.264 ప్రమాణము ఈ ఉపాయములనే వాడును. 2013 నాటి హెచ్.265 ఇంచుమించు సగము స్థలములోనే అట్టి నాణ్యము నీయగలదు.

కుదించిన సినిమా పరిమాణమును నిర్ణయించునది బిట్ రేటు, అనగా సెకనుకు వాడిన బిట్ల సంఖ్య. అది 20 లక్షలనుకొందము. దానిని 9,000 సెకనులచే గుణించి, 8 బిట్లు ఒక బైటు కనుక 8చే భాగించిన 2.25 గిగాబైట్లు వచ్చును. ఇది మొదటి లెక్కలో సుమారు 600వ వంతు! దీనిని మరల జిప్ చేసినచో లాభము స్వల్పము. తీసివేయదగినది అప్పటికే తీసివేయబడినది.

ఇక ఆచరణ. ఫోను చిన్నతెరకు 720 వరుసల చిత్రము సాధారణముగా చాలును. చుక్కలు సగముకన్న తక్కువ. ఫోనులో వీలున్నచో సినిమాలను మెమరీ కార్డునకు మార్చవచ్చును. తుడిచినది చెత్తబుట్టలో ఉన్నంతకాలము చోటు ఖాళీకాదని మరువరాదు.

ఒక ఫొటో 3 మెగాబైట్లనుకొన్నచో, పై సినిమా చోటులో 750 ఫొటోలు పట్టును. చూచిన సినిమా ఒక్కటి తీసివేసిన చాలును. సినిమా మరల దొరకును. అమ్మమ్మ ఫొటో దొరకదు.