మీకు తెలుసా? ఇమాజిన్‌ను ముంచింది పైరసీ కాదు

1982లో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో డేవిడ్ లాసన్, మార్క్ బట్లర్ మొదలుపెట్టిన ఇమాజిన్ సాఫ్ట్‌వేర్ అనే గేమ్ కంపెనీ రెండేళ్లు నిండీ నిండకుండానే దివాలా తీసింది. తొలి గేమ్ ‘ఆర్కేడియా’ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ కంప్యూటర్ల మీద బాగా అమ్ముడుపోయింది. జనం గేమ్ కాసెట్లు కాపీ చేసుకోవడం వల్లే కంపెనీ దెబ్బతిన్నదన్న వాదన ఉంది. అది పూర్తిగా అబద్ధం కాదు, టేప్ రికార్డర్ ఉన్న ఏ కుర్రాడైనా కాపీ చేయగలిగేవాడు. కానీ ఆ బెడద పోటీదారులకూ ఉంది. మాంచెస్టర్‌లోని ఓషన్ కంపెనీ అదే మార్కెట్‌లో నిలదొక్కుకోవడమే కాదు, 1984లో ఇమాజిన్ పేరునే కొనేసుకుంది.

అసలు లోపం లెక్కల్లో ఉంది. 1983 క్రిస్మస్‌కు ముందు, పోటీదారులకు అవకాశం దక్కకుండా కాసెట్లు తయారుచేసే ప్లాంటును ముందే బుక్ చేసుకున్నారని ఇమాజిన్‌లో పనిచేసినవారు తర్వాత చెప్పారు. పండగ దాటాక సరుకు మిగిలిపోయింది. ఆపైన ‘బాండర్‌స్నాచ్’, ‘సైక్లాప్స్’ అనే ‘మెగాగేమ్’లు! మామూలు కాసెట్ 5.50 పౌండ్లయితే, వీటికి అదనపు హార్డ్‌వేర్ జతచేసి దాదాపు 40 పౌండ్లకు అమ్మాలనుకున్నారు. సాహసం లేనిదే కొత్తదనం ఎలా వస్తుందని అడగవచ్చు. నిజమే, కానీ కొనేవాళ్లలో చాలామంది పాకెట్‌మనీ పిల్లలు. పైగా గేమ్ పూర్తికాకముందే ప్రకటనలు గుప్పించారు. చివరికి 1984 జూలైలో కంపెనీ కూలుతుంటే, దాని గురించి డాక్యుమెంటరీ తీయడానికి వచ్చిన బీబీసీ బృందం ఆ పతనాన్నే చిత్రీకరించింది. ప్రతిభకు మాత్రం కొదవలేదు: ఇమాజిన్ మనుషులు కొందరు తర్వాత పెట్టిన సిగ్నోసిస్ కంపెనీని 1993లో సోనీ కొన్నది.