భిలాయి పాత క్వార్టర్లు: రంగు వేసే ముందు చువ్వను చూడాలి

భిలాయి: దేశానికి రైలు పట్టాలు అందిస్తున్న ఉక్కు నగరంలో పాత నివాస భవనాలకు అసలు ముప్పు గోడల లోపలి ఉక్కు నుంచే ఎదురవుతోంది. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో భిలాయి ఉక్కు కర్మాగారానికి అంకురార్పణ జరిగింది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఉద్యోగుల కోసం సెక్టార్లవారీగా నిర్మించిన టౌన్‌షిప్‌లో తెలుగు కుటుంబాలూ స్థిరపడ్డాయి. తొలితరం క్వార్టర్ల వయసు ఇప్పుడు 60 ఏళ్లు దాటింది.

పెచ్చులు ఎందుకు ఊడతాయి?

కొత్త కాంక్రీటులోని క్షారగుణం ఇనుప చువ్వలకు తుప్పు పట్టకుండా కాపాడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి చేరి ఆ గుణాన్ని హరిస్తుంది. ఆపై తేమ తగిలితే చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే కనీసం రెండు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమించి, కాంక్రీటును లోపలి నుంచే పగలగొడుతుంది.

సజ్జలు, బాల్కనీలు మరింత ప్రమాదకరం. ఒకవైపే ఆధారం ఉండే వీటిలో బరువు మోసే చువ్వలు పైభాగాన ఉంటాయి. పైన నీరు నిలిచి అవి దెబ్బతిన్నా, కింద నిలబడి చూసేవారికి ఆ సంగతి తెలియకపోవచ్చు.

పరీక్ష ఎలా?

రిబౌండ్ హ్యామర్‌తో ఉపరితల గట్టిదనాన్ని, అల్ట్రాసోనిక్ తరంగాలతో లోపలి పగుళ్లను అంచనా వేస్తారు. అప్పుడే చెక్కిన చోట ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే క్షారగుణం ఉన్న కాంక్రీటు గులాబీ రంగుకు మారుతుంది. కోల్పోయిన భాగం మారదు.

మరమ్మతు క్రమం

ముందుగా డాబా, పైపుల లీకేజీలను అరికట్టాలి. బరువు మోసే భాగాలకు తాత్కాలిక ఊతం ఇచ్చి, వదులైన కాంక్రీటును చువ్వ వెనుక వరకు తొలగించాలి. తుప్పు గీకి, రక్షణ పూత వేసి, బాగా సన్నబడిన చువ్వలకు తోడుగా కొత్తవి అమర్చాలి. పాలిమర్ మోర్టార్‌తో పూడ్చిన తర్వాతే ముఖభాగానికి ప్లాస్టరింగ్, రంగులు. ఈ క్రమం తప్పితే కొత్త రంగు పాత పగుళ్లను దాచిపెడుతుందే తప్ప భవనాన్ని నిలబెట్టదు.

ఒక్క ఇంటితో తీరదు

బహుళ అంతస్తుల బ్లాకులో స్తంభాలు, డాబా, మురుగునీటి పైపులు ఉమ్మడివి. పై అంతస్తులో లీకేజీ ఆగకుండా కింది ఇంటివారు సీలింగ్‌కు ఎన్నిసార్లు సిమెంటు పూసినా ఫలితం ఉండదు. అందుకే మరమ్మతును ఇంటి లెక్కన కాక బ్లాకు లెక్కన చేపట్టాలి. నిలపాలా, కూల్చాలా అన్న నిర్ణయానికి భవనం వయసు ఒక్కటే కాదు, పరీక్షల ఫలితాలు ప్రాతిపదిక కావాలి.