గిటారుకు ఏ కర్ర మంచిది?

ఓఫీరు నుండి ఓడలలో వచ్చిన చందనపు మ్రానులతో సొలొమోను రాజు మందిరానికి కావలసిన పనులే గాక, గాయకులకు సితారాలు, స్వరమండలములు కూడా చేయించాడని మొదటి రాజుల గ్రంథము 10వ అధ్యాయంలో చదువుతాము. స్తుతి వాద్యానికి మంచి కర్ర వెదకడం అంత పాత సంగతి. నేడు మన సంఘాలలో ఎలక్ట్రిక్ గిటారు నేర్చుకుంటున్న యౌవనస్థులు కూడా అదే అడుగుతున్నారు: "ఏ కర్ర గిటారు కొనాలి?" ఇది తల్లిదండ్రుల కష్టార్జితంతో ముడిపడిన ప్రశ్న గనుక కొంచెం వివరంగా చూద్దాము.

పనస దుంగను తొలిచి చేసే బొబ్బిలి వీణలో తీగ మీటితే కర్రా పలుకుతుంది, అందులోని గాలీ పలుకుతుంది. ఎలక్ట్రిక్ గిటారు అలా కాదు. దాని బాడీ గట్టి చెక్క. ఉక్కు తీగల కదలికను వాటి క్రింద అమర్చిన పికప్ విద్యుత్తుగా మార్చి ఆంప్లిఫయరుకు పంపుతుంది. బాడీ కర్ర వలన నాదం ఎంత మారుతుందన్నది నేటికీ తెగని వాదమే. అయితే పికప్, తీగలు, ఆంప్లిఫయరు తెచ్చే మార్పు ముందు అది చిన్నది.

అమెరికా వాద్యకారుడు లెస్ పాల్ 1940 ప్రాంతంలో ఒక పైన్ దూలానికి తీగలు, పికప్‌లు బిగించి వాయించాడు. నాదం బాగానే వచ్చింది గాని చూపరులకు అది దుంగలాగే కనబడింది. అప్పుడాయన మామూలు గిటారు ఒకటి నిలువుగా కోసి, ఆ రెండు చెక్కలను రెక్కలవలె ప్రక్కల అతికించాడు. రెక్కలు కంటి కోసమే!

కంపెనీలు కూడా కంటిని మరువలేదు. ఫెండర్ కంపెనీ 1950లో యాష్ కర్రతో మొదలుపెట్టి, 1956లో స్ట్రాటోకాస్టరుకు ఎక్కువగా ఆల్డర్ వాడసాగింది. చారలు కనబడే పలుచని రంగు వేయవలసిన వాటికి మాత్రం యాష్‌నే ఉంచింది. గిబ్సన్ 1952లో మహాగని మీద మేపుల్ పలక అతికించి, దానిని బంగారు రంగుతో కప్పివేసింది. 1958లో రంగు పలుచన చేసినప్పుడే మేపుల్ అందం బయటపడింది.

ఆ అందానికి వేరొక వెల కూడా ఉన్నది. యాష్ చెట్లను తొలిచే ఒక పచ్చని పెంకుపురుగు 2002లో అమెరికాలో బయటపడి, కోట్లాది చెట్లను చంపింది. అందుచేత ఫెండర్ 2020లో యాష్ వాడకాన్ని బాగా తగ్గిస్తున్నట్లు ప్రకటించింది. అపురూపమైన కర్రే కావాలని పట్టుబట్టనవసరం లేదు.

మరి కొనేటప్పుడు ఏమి చూడాలి? మా సలహా ఇది. కర్ర బాగా ఆరినదై ఉండాలి; పచ్చి కర్ర తరువాత వంగుతుంది. మెడ తిన్నగా ఉండాలి. బరువు చూడండి, 4 కిలోలు దాటితే ఆరాధన ముగిసేసరికి భుజం నొప్పి పుడుతుంది. శ్రుతి నిలుస్తుందో లేదో పది నిమిషాలు వాయించి చూడండి. చవక గిటార్ల మీద మెరిసే మేపుల్ చాలాసార్లు కాగితమంత పొర మాత్రమే. దానికి అదనంగా డబ్బు పోయకండి. మిగిలిన సొమ్ము మంచి ఆంప్లిఫయరుకు, గురువుగారి జీతానికి పనికివస్తుంది.

యెష్షయి కుమారులలో ఎత్తును, రూపాన్ని చూసి సమూయేలు పొరబడబోయినప్పుడు దేవుడు హృదయాన్ని చూపించాడు. చివరకు ఎన్నికైనవాడు సితారా వాయించే దావీదు. పిల్లలారా, గిటారు ఎంచుకొనేటప్పుడూ ఆ సంగతి జ్ఞాపకముంచుకోండి.